కొలతల పుస్తకం రాసిన గుణుపురం కవయిత్రికి జవాబు

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. చదువు మాత్రం డిగ్రీ దాకా ఒడియాలోనే సాగింది. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రస్సులు కుడతాను. కవిత్వం నాకు తెలుగులోనే తోస్తుంది. కాగితం మీద పెట్టేది మాత్రం ఒడియా అక్షరాల్లో. తెలుగు అక్షరాలు మా మామ్మ దగ్గర కొన్ని నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదువుతాను, వత్తులొస్తే ఆగిపోతాను. పోయిన ఉగాదికి మా దగ్గర్లో ఉన్న ఒక తెలుగు సంఘం వాళ్లు కవి సమ్మేళనానికి పిలిచారు. ముప్ఫైమంది దాకా కవులం. మనిషికి రెండు నిమిషాలన్నారు. నా వంతు వచ్చేసరికి భోజనాలకి పిలుపు అయిపోయింది, ముందు వరసలో వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. నా చేతిలో కాగితం చూసి ఒక పెద్దాయన “తెలుగు రాకుండానే తెలుగు కవయిత్రివా అమ్మా” అని నవ్వారు. అయినా శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడు సంకలనం వేస్తున్నాం, కవికి పదిహేను వందలు కట్టండి, సన్మానం కూడా అందులోనే అంటున్నారు. కట్టమంటారా? లిపి సరిగ్గా రాని నేను కవయిత్రిననుకోవచ్చా? ఏం చదవాలి, ఎలా చదవాలి? మా ఆయన “ఎవరూ వినని దానికి ఇంత తాపత్రయమెందుకు” అంటున్నారు. కవిత ఒకటి ఫోటో తీసి పంపుతున్నాను.

జవాబు:

అమ్మా,

డబ్బు సంగతీ శాలువా సంగతీ తర్వాత చూద్దాం. మీ ఉత్తరం నిండా ఆ సభ గురించే ఉంది, కవిత గురించి చివర్న ఒక్క వాక్యమే ఉంది. సభ మిమ్మల్ని ఎంత నొప్పించిందో నాకు అర్థమైంది. ఆ నొప్పిలో పడి, రాసిన మంచి కవితని మీరే పక్కకి నెట్టేశారు. నేను దాంతోనే మొదలుపెడతాను. ఒడియా అక్షరాల్లోంచి తెలుగు అక్షరాల్లోకి దించి, పాఠకుల కోసం ఇక్కడ ఇస్తున్నాను.

పెళ్ళికి ముందొచ్చింది
ముప్పై రెండు
పురుడైనాక వచ్చింది
ముప్పై ఆరు
మొన్న వానల్లో వచ్చింది
ఆది జాకెట్టు తేలేదు
టేపు పెట్టాను, ఇరవై తొమ్మిది
“లోపల గుడ్డ వదులు వదినా
మళ్ళీ ఒళ్ళు చేస్తాను” అంది
ఓ మహిళా! నీ బతుకొక కన్నీటి కావ్యం
సమాజమా! ఇకనైనా మేలుకో
ఆమె మూగ ఆక్రందన ఆలకించు

తొమ్మిదో పాదం దగ్గర కవిత అయిపోయింది. తర్వాతి మూడు పాదాలూ కొట్టేయండి.

ఎందుకంటున్నానో చెబుతాను. “ఆది జాకెట్టు తేలేదు” అన్న పాదం చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. కొలత కోసం పాత జాకెట్టు తెచ్చి ఇవ్వడం ఆడవాళ్లందరికీ అలవాటే. ఆవిడ తేలేదు. తెచ్చినా లాభం లేదని ఆవిడకి తెలుసు. ఆ ముక్క మీరు విప్పి చెప్పలేదు, చెప్పకపోవడమే సరి. తర్వాత అంకె పడింది. ముప్పై ఆరు ఇరవై తొమ్మిదైంది. రోగమా, దిగులా, తిండి చాలకా? అదీ చెప్పలేదు. దర్జీకి కొలత తెలుస్తుంది గానీ కారణం తెలియదు, అడగడం మర్యాదా కాదు. మీ చేతిలో టేపు ఎంతవరకు చూడగలదో మీ కవితా అంతవరకే చూసింది. అంత నిజాయితీ చాలామంది పేరున్న కవులకి కూడా పట్టుబడదు.

ఇక ఆవిడ మాట. “లోపల గుడ్డ వదులు.” కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ మిగల్చమంటోంది, మళ్ళీ ఒళ్ళు వచ్చాక కుట్టు విప్పి వెడల్పు చేసుకోడానికి. ఆవిడ బాగుపడాలనుకుంటోంది, బాగుపడతానని నమ్ముతోంది. మీ కవిత మొత్తంలో ఆవిడ నోరు విప్పింది ఆ రెండు పాదాల్లోనే. వెంటనే మీరేం చేశారు? బతుకు కన్నీటి కావ్యమన్నారు. ఆవిడ ఏడవలేదు. మూగ ఆక్రందన అన్నారు. ఇప్పుడే మాట్లాడిన మనిషిని పట్టుకుని మూగ అన్నారు! మీకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. ఆ మూడు పాదాలు మీ గదిలో పుట్టినవి కావు. సభల్లో విని విని, కవిత్వమంటే చివర్న గొంతు పెంచి ఎవర్నో పిలవాలి కాబోలు అనుకుని తగిలించినవి. మైకు ముందు అలాంటి పాదాలకి చప్పట్లు పడతాయి. చప్పట్లు ఆగాక ఒక్కరికీ గుర్తుండవు.

కాబట్టి కవయిత్రిననుకోవచ్చా అన్న ప్రశ్నకి జవాబు ఆ తొమ్మిది పాదాలే ఇచ్చేశాయి. లిపి సంగతి వేరు, అది చిన్న సంగతి కాదు కనక కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

మీ ఊరి చుట్టూ కొండల్లో సవరలనే గిరిజనులున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలో రాజావారి బడిలో మాస్టారుగా ఉంటూ, సవర తెలిసిన కుర్రవాణ్ని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు. వాళ్ల పాటలూ కథలూ విని తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆ పాటలు తెలుగు లిపిలో ఉన్నాయి కదా అని తెలుగు పాటలైపోలేదు, సవర పాటలుగానే ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన మనసు విరిగి రాజమండ్రికి వెళ్లిపోయారు. అదే సంవత్సరం మీ గుణుపురం ప్రాంతంలోనే మంగేయి గమాంగో సవర భాష కోసం సొంతంగా ‘సొరంగ్ సొంపెంగ్’ అనే లిపి తయారుచేశారు. ఆ లిపి పుట్టక ముందూ సవరలు పాటలు పాడుకున్నారు, తర్వాతా పాడుకున్నారు. మీ కాగితం చూసి నవ్విన పెద్దాయనకి ఈ సంగతి గుర్తు రాలేదు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. సరిహద్దు ఇవతల ఉన్న మన పెద్దవాళ్లకి తెలుగు బడులు మూతపడిపోతున్నాయన్న భయం లోపల ఎప్పుడూ ఉంటుంది. అది ఒక్కోసారి ఇలా తప్పు మనిషి మీద పడుతుంది. అయినా ఆ నవ్వు తప్పే. ఒడియాలో చదువుకుని, తెలుగులో ఆలోచించి, చేతికి దొరికిన అక్షరాల్లో ఆ తెలుగుని కాపాడుకుంటున్న అమ్మాయికి ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాల్సింది.

అయినా నేర్చుకోండి. ఆయన కోసం కాదు, మీ కవిత కోసం. ఒడియా లిపిలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం. ఒ, ఓ లకీ ఒకటే. మీరు పంపిన ఫోటోలో మార్జిన్‌లో ఏవో కొలతలు కూడా ఉన్నాయి. అందులో ఒకటి ‘మెడ’ అనుకుంటాను. మీ రాతలో అది ‘మేడ’ అని కూడా చదవొచ్చు. కొలతల పుస్తకంలో పరవాలేదు, మేడకి కొలత తీశారని ఎవరూ అనుకోరు. పద్యంలో అలా కాదు, అక్కడ ఒక్క దీర్ఘం తేడా పడితే నడకే కుంటుపడుతుంది. మీ చెవికి ఆ తేడా తెలుసు గానీ మీ కాగితానికి తెలియదు. మీరు లేనప్పుడు మీ కవిత చదివే మనిషికి కాగితం ఒక్కటే ఆధారం.

వత్తులకి భయపడకండి. ఒడియాలో యఫళా, రఫళా నేర్చుకున్న చేతికి తెలుగు వత్తులు కొత్త కాదు, ఆకారాలే వేరు. వర్ణమాల వరస దాదాపు ఒకటే. మీ మామ్మగారి పూజ పుస్తకాల్లో ఏదో ఒకటి తీసి, ఆవిడకి నోటికొచ్చిన శ్లోకమో పద్యమో ఆవిడ చెబుతుంటే అక్షరాల మీద వేలు పెట్టి వెంట వెళ్లండి. నోటికి వచ్చింది చూస్తూ చదివితే వత్తు దగ్గర ఆగాల్సిన పని ఉండదు. అలా ఒక పుస్తకం పూర్తయ్యాక తెలియని పుస్తకం పట్టండి.

ఇప్పుడు చదవడం గురించి. మీరు “ఏం చదవాలి” అని ముందు అడిగారు, “ఎలా” అని తర్వాత. నేను ఎలాతో మొదలెడతాను, ఎందుకంటే మన సభల్లో ఎక్కువగా చెడింది అదే. కవులు రాస్తున్నారు, ఒకరిదొకరు చదవడం లేదు. చదివినా పేపరు చదివినట్టు కళ్లతో పరిగెత్తించేస్తున్నారు. కవితని గట్టిగా చదవాలి. ఒకసారి చదివి, కాసేపు పని చేసుకుని, మళ్ళీ చదవాలి.

వేమన పద్యం మీకు తెలిసిందే. దాంట్లో ఒక్క పాదం తీసుకోండి. “చూడ చూడ రుచుల జాడ వేరు.” చేత్తో మెల్లగా తాళం వేస్తూ అనండి. చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. అయిదు దెబ్బలు, ప్రతి దెబ్బకీ మూడు మాత్రలు. పొట్టి అక్షరం పలికేంత కాలం ఒక మాత్ర. ఛందస్సు పుస్తకాలు వీటినే సూర్యగణాలంటాయి. ఈ పద్యం ఆటవెలది. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం ఇలా అయిదు సూర్యగణాలతో నడుస్తాయి. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు పొడుగు గణాలు, ఇంద్రగణాలు, వస్తాయి. “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు” అనేటప్పుడు చివర్న సాగినట్టు అనిపిస్తుంది చూడండి, అది అందుకే. సాగిన పాదం తర్వాత టకటకా నడిచే పాదం. మొదట పోలిక చెబుతాడు, తర్వాత తేడా చెబుతాడు. పోలిక నిదానంగా నడిచింది, తేడా చురుగ్గా తగిలింది. ‘చూడ’లో ఉన్న ‘డ’ మళ్ళీ ‘జాడ’లో సరిగ్గా నాలుగో దెబ్బ దగ్గర మోగుతుంది. దాన్ని ప్రాసయతి అంటారు. పేరు గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు, మోత వినపడితే చాలు.

ఈ పద్యాలు 1829లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించేదాకా తాటాకుల్లోనూ జనం నోళ్లలోనూ ఉన్నాయి. చదువు రాని వాళ్లు కూడా వాటిని చెప్పుకున్నారు. అప్పుడు వేమనకి శాలువా ఎవరూ కప్పలేదు. పొలం గట్టు మీద ఇద్దరు తగువు పడుతుంటే మూడోవాడు వచ్చి ఒక పద్యం చెప్పేవాడు, అంతే. రాయని మనిషి నోట్లో, అవసరమైన చోట, అడక్కుండా కవిత పలకడం. నా దృష్టిలో కవిత్వానికి జరిగే సన్మానం అదొక్కటే. మిగిలినవి కవికి జరిగే మర్యాదలు. మర్యాదలు వద్దనను. ఆ రెండిటికీ తేడా తెలియకపోతే మాత్రం కవి ముందు మోసపోతాడు, తర్వాత కవిత్వం మోసపోతుంది.

మీ ఒడియా చదువు దీనికి అడ్డు అనుకుంటున్నారేమో, అదే మీకున్న అదృష్టం. మీ జిల్లా నుంచి గంజాం దాకా ఒడియా ఊళ్లలో భాగవత టుంగి ఉండేది, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. చిన్న పాక, లోపల జగన్నాథ దాసు ఒడియా భాగవతం తాటాకు ప్రతి, దానికి గంధం, పూలు, దీపం. సాయంత్రం ఒకాయన చదువుతాడు, పొలం నుంచి వచ్చినవాళ్లు కూర్చుని వింటారు. పాదానికి తొమ్మిది అక్షరాలు. వినగా వినగా అక్షరం రాని ముసలమ్మలకి కూడా అధ్యాయాలు నోటికొచ్చేస్తాయి. అక్కడ పుస్తకానికి పూజా ఉంది, చదవడమూ ఉంది. మనం తెలుగు సంఘాల్లో పూజ ఒకటి ఉంచుకుని చదవడం వదిలేశాం. జ్యోతి వెలిగిస్తాం, పటానికి దండ వేస్తాం, ఆ పటంలో ఉన్న కవి రాసిన నాలుగు పాదాలు మాత్రం ఎవరూ చదవరు.

పర్లాకిమిడి గోపాలకృష్ణ పట్నాయక్ పాటలు మీరు ఒడియా క్లాసులో చదివే ఉంటారు. రాధాకృష్ణుల మీద ఆయన రాసిన పదాలు ఒడిస్సీ సంగీతంలో ఈనాటికీ పాడుతున్నారు. మా ఊళ్లో తెలుగు ఇళ్లలోనూ అవి వినిపించేవి. ఎవరి భాషవి అని అడిగే అలవాటు అప్పట్లో అంతగా లేదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు (1869–1951) తెలుగులోనూ ఒడియాలోనూ రాశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్ద దాత కూడా. మీరు రెండు భాషలు చెవిలో పెట్టుకుని పుట్టారు. ఒడియా ఛందస్సులో కూడా గొంతెత్తి చదవండి. తెలుగు రాసేటప్పుడు ఆ నడక ఎక్కడో ఒక చోట పనికొస్తుంది. ఎక్కడో నేనిప్పుడు చెప్పలేను, మీ చేతికే తెలుస్తుంది.

తెలుగులో గురజాడ అప్పారావుగారి ముత్యాల సరాలతో మొదలుపెట్టండి. 1910 ప్రాంతంలో ఆయన ఆ నడక పట్టారు. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మూడు, నాలుగు, ‘తకిట తకధిమి’ అన్నట్టు. మన విజయనగరం వైపు మాటలాడే తీరుకి అతి దగ్గరగా ఉంటుంది, మీ యాసకి కష్టం అనిపించదు. తర్వాత శతకాలు, తర్వాత ఈ కాలపు వచన కవిత్వం. పోతన దగ్గరికి నెమ్మదిగా వెళ్లండి, ఎవరైనా పాడి వినిపించే మనిషి దొరికితే మరీ మంచిది. పుస్తకాలు గుణుపురంలో దొరకవని నాకు తెలుసు. శ్రీకాకుళం, విశాఖ వెళ్లినప్పుడు కొనుక్కోండి. పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) లో ఉచితంగా పెట్టారు, ఫోన్లో చదువుకోవచ్చు.

భాష గురించి ఇంకొక్క మాట. ‘కావ్యం’, ‘ఆక్రందన’, ‘ఆలకించు’ లాంటి మాటలు లేకపోతే కవిత్వంలా ఉండదేమోనని మీరు భయపడుతున్నారు. ఇది మన ప్రాంతంలో పాత తగువే. తాపీ ధర్మారావుగారు 1887లో మన బరంపురంలో పుట్టారు, పర్లాకిమిడిలో గిడుగువారి దగ్గర చదువుకున్నారు. ఆయనంతటి వారు కూడా మొదట్లో గ్రాంథికం రాసి, తర్వాత వాడుక భాషకి వచ్చారు. మీరు ఆ దారంతా నడవనక్కర్లేదు. మీ ‘పురుడైనాక’, మీ ‘ఒళ్ళు చేస్తాను’ ఎప్పుడో గమ్యం చేరాయి. మధ్యలో ఒక ఒడియా మాట దొర్లితే దొర్లనివ్వండి. మీ కొట్టుకి వచ్చే ఆడవాళ్లు ఎలా మాట్లాడతారో అదే మీ నిఘంటువు.

ఇక డబ్బు. పదిహేను వందలు కట్టకండి.

సంకలనం వేయడం తప్పు కాదు, ఖర్చు పంచుకోవడమూ తప్పు కాదు. కానీ డబ్బు కట్టినవాళ్ల కవితలన్నీ వేస్తే దాన్ని ఎంచినవాళ్లెవరు? అచ్చుకి ముందు మీ కవిత చదివి “ఆ చివరి మూడు పాదాలు తీసేయమ్మా” అని చెప్పేవాళ్లున్నారా? ఉంటే, నాకు రాయండి, నా మాట వెనక్కి తీసుకుంటాను. లేకపోతే ఆ పుస్తకంలో ఉన్న ప్రతి కవీ తన పేజీ ఒక్కటే తెరుస్తాడు. సన్మానం కూడా ఆ డబ్బులోనే అంటున్నారు కదా, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీ డబ్బుతో మీకే శాలువా కొని కప్పితే అందులో ఇచ్చినదెవరు? రోజంతా మిషను మీద వంగితే వచ్చే డబ్బు అది. దాంతో పుస్తకాలు కొనుక్కోండి.

సంఘాల పెద్దలు ఈ పేజీ చూస్తుంటారు, వాళ్లకీ చెబుతున్నాను. మీరు చేసే పని విలువ నాకు తెలుసు. బరంపురం, రాయగడ, జయపురం లాంటి చోట్ల ఉగాదికి నలుగురు తెలుగువాళ్లు ఒక గదిలో కూర్చోవడమే మీ చలవ. హాలు అద్దె, భోజనాలు, కుర్చీలు, అన్నీ మీ జేబులోంచి పెట్టుకుంటారు. అందుకే అడుగుతున్నాను, ముప్ఫైమందిని పిలవకండి. ఎనిమిదిమందిని పిలవండి. వాళ్ల కవితలు ముందుగా తెప్పించుకుని చదవండి. ప్రతి కవితా రెండుసార్లు చదివించండి, రెండోసారి కవి కాకుండా ఇంకొకరి చేత. మొదటిసారి చెవి అర్థం వెతుక్కుంటుంది, రెండోసారికే కవితని వింటుంది. శాలువాల ఖర్చుతో ఆ ఎనిమిది కవితలూ రెండు లిపుల్లో, తెలుగులోనూ ఒడియాలోనూ, అచ్చు వేసి వచ్చినవాళ్లందరికీ ఇవ్వండి. మన పిల్లల్లో చాలామంది మొదటి లిపి చదవలేరు. రెండో లిపిలోనైనా వాళ్ల చేతికి తెలుగు వెళుతుంది. లిపి పోయిందని భాషని కూడా వదిలేస్తే ఇక మనకి మిగిలేదేమిటి? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, కథలు వెతికి తెచ్చి భద్రపరిచారు. కథకి ఆయన చేసిన సన్మానం అది. కవితకి మన జిల్లాల్లో ఎవరైనా ఆ పాటి చేస్తే నేను వచ్చి పుస్తకాలు సర్దుతాను.

మీకు మాత్రం సంఘం కోసం ఆగే పని లేదమ్మా. మీ ముందు గదిలో సాయంత్రం పని కట్టేశాక ముగ్గురు ఆడవాళ్లు కూర్చోగలిగితే చాలు. నెలకోసారి పెట్టుకోండి. ఒకటే నియమం. ఎవరూ తమ కవిత చదవకూడదు, తమకి నచ్చిన ఇంకొకరిది చదవాలి. పాటైనా సరే, దంపుడు పాటైనా, జణాణం అనే ఒడియా భక్తిపాటైనా సరే. చదివినవాళ్లు ఎందుకు నచ్చిందో చెప్పాలి. “బాగుంది” అంటే ఒప్పుకోకండి, ఏ పాదం దగ్గర ఆగారో చెప్పమనండి. అలా కొన్నాళ్లు ఇంకొకరి కవితని మోసిన నోరు, తన కవిత దగ్గరికి వచ్చేసరికి అబద్ధపు మాటని ఇట్టే పట్టేస్తుంది.

మీవారి మాట గురించి నేనేమీ అనను. ఆ తొమ్మిది పాదాలూ ఒకసారి ఆయనకి చదివి వినిపించండి, చివరి మూడూ లేకుండా. ఆయన విన్నారో లేదో మొహం చూస్తే మీకే తెలుస్తుంది. ఇప్పటిదాకా ఆయనకి సభ కబుర్లే చెప్పారేమో, కవిత చెప్పి ఉండరు.

చివరగా ఒకటి అడగాలి. ఇది మీరు అడగలేదు, కానీ నాకు ముఖ్యం అనిపించింది. ఆ కవితలో ఉన్న మనిషి నిజం మనిషి. గుణుపురం చిన్న ఊరు. పెళ్ళి, పురుడు, మొన్న వానలు అనగానే ఎవరో మీ వీధిలో వాళ్లు పోల్చేస్తారు. ఆవిడ ఒంటి కొలత మీ పుస్తకంలో ఉంది నమ్మకం మీద, మైకులో చదవడానికి కాదు. “లోపల గుడ్డ వదులు వదినా” అన్న పాదం మీది కాదు, ఆవిడది. ఆ పాదమే లేకపోతే మీ కవిత లేదు. ఈ పేజీలో మీ పేరు వేయలేదు, అంకెలు కూడా నేను మార్చి వేశాను. మీరు మళ్ళీ ఎక్కడైనా చదివే ముందు ఆవిడ దగ్గరికి వెళ్లి వినిపించండి. జాకెట్టు ఇచ్చేటప్పుడైనా సరే. ఇష్టమేనా అని అడగండి. వద్దంటే ఎక్కడా చదవకండి, అచ్చుకీ ఇవ్వకండి. మీ నోటుబుక్కులో అది ఉంటుంది, అలాంటిది ఇంకోటి రాయగలరని మీకు తెలిసింది కదా.

సరేనంటే, ఆ చివరి మూడు పాదాలు కొట్టేసి, ఈసారి తెలుగు అక్షరాల్లో మీ చేత్తో రాసి నాకు పంపండి. వత్తులు తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతాను.